మన సంఘం వెబ్‌సైటు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? సంఘ కమిటీకి, సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘ కాపరి గారికి, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి, కమిటీ పెద్దలకు, ఇక్కడ కోనసీమలోను, హైదరాబాదులోను, కువైట్, మస్కట్ వంటి దూర ప్రాంతాల్లోను ఉన్న మన సంఘస్థులందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

గత నెల కమిటీ సమావేశంలో మన వెబ్‌సైటు విషయం చర్చకు వచ్చిందని, దాన్ని మూసివేసి ఇకమీదట ఫేస్‌బుక్ పేజీతో, వాట్సాప్ గ్రూపులతో సరిపెట్టుకుందామని కొందరు, నెలకింత అని తీసుకొని అన్నీ తామే చూసుకుంటామంటున్న ఒక సంస్థకు అప్పగిద్దామని మరికొందరు అన్నారని, నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడిందని తెలిసింది. 2018 నుంచి ఆ సైటు పని చూస్తున్నదాన్ని కనుక ఈ విషయంలో నాకు తెలిసినదంతా నిర్ణయానికి ముందే మీ అందరి ఎదుట ఉంచడం నా బాధ్యత అనుకుంటున్నాను. సైటు సంఘమంతటిదీ కాబట్టే కమిటీకి మాత్రమే రాయకుండా అందరికీ రాస్తున్నాను.

మన గుడికి సంబంధించిన ప్రతి తాళానికీ లెక్క ఉంది. ప్రధాన ద్వారం తాళం, గంట గది తాళం, సంస్కారపు పాత్రలు ఉంచే బీరువా తాళం, బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లు దాచిన ఇనుప పెట్టె తాళం ఎవరి దగ్గర ఏది ఉందో మినిట్స్ పుస్తకంలో రాసి ఉంటుంది. కార్యవర్గం మారిన ప్రతిసారీ పాత కార్యదర్శి గారు ఆ గుత్తిని కొత్తవారికి అప్పగించి సంతకం తీసుకుంటారు. వెబ్‌సైటుకూ తాళాలు ఉన్నాయి. డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, నమోదైన ఖాతా ఒకటి, సైటు ఉన్న సర్వర్‌ను అద్దెకిచ్చిన హోస్టింగ్ ఖాతా ఒకటి, సైటు లోపలికి వెళ్లే అడ్మినిస్ట్రేటర్ లాగిన్ ఒకటి, ఈ మూడింటికీ ఓటీపీలూ హెచ్చరికలూ వచ్చే ఈమెయిలు, ఫోన్ నంబరు మరొకటి. పదేళ్ల మినిట్స్ తిరగేసినా వీటి ప్రస్తావన ఒక్క చోట కూడా కనిపించదు. ఈ లేఖలో నేను అడగబోయేదంతా ఆ లోటు గురించే.

దాని వల్ల మనకు ఏం జరిగిందో కొత్తగా సంఘంలో చేరినవారికి తెలియదు. 2014లో మన యవనస్థుల కూటమిలోని ఒక తమ్ముడు, అప్పటికి ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నవాడు, తన సొంత డబ్బుతో డొమైన్ కొని, సైట్లు కట్టడానికి వాడే జూమ్లా అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థ (అంటే లోపలి కోడు ఎవరైనా చూసి మార్చుకోగలిగేది) మీద మన మొదటి సైటు కట్టాడు. తరువాత ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లాడు. ఫోన్ నంబరు మారింది. కాలేజీ వారిచ్చిన ఈమెయిలు ఆగిపోయింది. 2017లో కువైట్ నుంచి ఒక అక్క ఫోన్ చేసి, మన సంఘం పేరు గూగుల్‌లో వెతికితే మన పేజీలతో పాటు జపాను అక్షరాలతో ఏవో సరుకులు అమ్మే పేజీలు వందల కొద్దీ కనిపిస్తున్నాయని చెప్పింది. కట్టిన తరువాత ఒక్క అప్‌డేట్ కూడా వేయని సైటులోకి ఎవరో చొరబడి మన గోడల మీద తమ అంగడి బోర్డులు కట్టుకున్నారు. వాటిని తీసేద్దామంటే లోపలికి వెళ్లే పాస్‌వర్డు మన ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. ఆ ఏడాది డిసెంబరులో, క్రిస్మస్‌కు రెండు వారాల ముందు, డొమైన్ గడువు కూడా ముగిసింది. గడువు గురించి వచ్చిన హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ పాత ఈమెయిలుకే వెళ్లాయి. మేము తేరుకునేలోపు ఆ పేరును ఎవరో కొనేసుకున్నారు.

ఆ తమ్ముడిలో నేను ఏ తప్పూ ఎంచడం లేదు. ఎవరూ అడగకుండానే తన సమయాన్నీ డబ్బునూ సంఘానికి ఇచ్చాడు; అప్పగింత తీసుకోవలసిన మనమే తీసుకోలేదు. పోయినవాటిలో మూడేళ్ల ప్రసంగాలు ఉన్నాయి, ఫొటోలు ఉన్నాయి. వాటిలో కొన్నింటిని తరువాత ఇళ్లలోని ఫోన్ల నుంచి సేకరించుకున్నాం. కాని 1996 నవంబరు 6 నాటి తుపానులో గుడి పైకప్పు లేచిపోయిన రాత్రి గురించి, ఇప్పుడు మన మధ్య లేని ఒక పెద్దాయన చెబుతుండగా సండే స్కూలు పిల్లలు రాసుకుని టైపు చేసిన జ్ఞాపకం ఒకటి ఉండేది. దాని ప్రతి ఆ సైటులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పిల్లల్లో నా కూతురు కూడా ఉంది. ఆ కాగితాల కోసం మేము ఇల్లంతా వెతికాం.

ఇంత నష్టం జరిగాక కూడా 2018లో మళ్లీ ఓపెన్ సోర్స్ వ్యవస్థనే, ఈసారి వర్డ్‌ప్రెస్‌ను, ఎంచుకోవడానికి కారణం చెప్పాలి. ఓపెన్ సోర్స్ అంటే ఊరికే వచ్చేది అని చాలామంది అనుకుంటారు. డబ్బు కట్టనక్కరలేదన్నది నిజమే అయినా దాని అసలు విలువ అక్కడ లేదు. మిషెల్ వాల్‌డ్రిగీ అనే ఆయన బీ2 పేరుతో ఒక చిన్న ప్రోగ్రాము రాసి జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేశారు. కొంతకాలానికి ఆయన దాని పని ఆపేశారు. మామూలుగా అయితే దాన్ని వాడుకుంటున్నవారి కథ అక్కడితో ముగిసేది. కాని ఆ లైసెన్సు ఎవరికైనా ప్రోగ్రామును చదివే, మార్చే, తిరిగి పంచే హక్కు ఇస్తుంది కనుక మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు దాన్ని అందుకొని, 2003 మే 27న వర్డ్‌ప్రెస్ అనే పేరుతో మొదటి విడుదల చేశారు. జూమ్లా కూడా అటువంటిదే. 2005లో మాంబో అనే వ్యవస్థను తయారుచేస్తున్న బృందం యాజమాన్యంతో పొసగక బయటికి వచ్చి, అదే కోడును తీసుకొని కొత్త పేరుతో కొనసాగించింది. ఆ పేరు స్వాహిలీ భాషలోని 'జుమ్లా' అనే మాట నుంచి వచ్చింది, 'అందరూ కలిసి' అని దాని అర్థం. సంఘం అనే మాట రోజూ పలికే మనకు ఆ పేరు పరాయిది కాదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కాపరులు బదిలీ మీద వస్తారు, వెళ్తారు, కార్యదర్శులు మారతారు, పని ఆగదు. మొదలుపెట్టిన మనిషి వెళ్లిపోయినా నిలిచే ఏర్పాటు ఉన్న ప్రోగ్రాము మన వంటివారికి తగినది.

అయితే ఒక తేడాను నేను ఆలస్యంగా గ్రహించాను. జీపీఎల్ మనకిచ్చే హక్కు ప్రోగ్రాము మీద. మన డొమైన్ మీద, మన పాస్‌వర్డుల మీద, మన బ్యాకప్‌ల మీద ఏ లైసెన్సూ మనకు హక్కు ఇవ్వదు. 2014లో మనం వాడిన జూమ్లా ఎంత స్వేచ్ఛ గలదైనా మన సైటు మాత్రం ఒక్క మనిషి ఫోన్ నంబరుకు కట్టుబడి ఉంది. ఇప్పటి వర్డ్‌ప్రెస్ సైటు కూడా, నిజం చెప్పాలంటే, నా ఫోన్ నంబరుకు కట్టుబడి ఉంది. రేపు నాకేమైనా అయితే 2017 మళ్లీ వస్తుంది.

అప్‌డేట్ల గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే 'సైటు బాగానే నడుస్తోంది కదా, ఇక చేయడానికి ఏముంది' అనే ప్రశ్న నన్ను తరచుగా అడుగుతారు. 2014 అక్టోబరు 15న డ్రూపల్ అనే మరో ఓపెన్ సోర్స్ వ్యవస్థలో తీవ్రమైన లోపం ఒకటి బయటపడి, అదే రోజు దానికి సవరణ విడుదలైంది. రెండు వారాల తరువాత డ్రూపల్ భద్రతా బృందమే ఒక ప్రకటన చేస్తూ, సవరణ వచ్చిన 7 గంటల లోపల దాన్ని వేసుకోని ప్రతి సైటులోకీ ఎవరో చొరబడ్డారనే భావించాలని హెచ్చరించింది. కోడు అందరికీ కనిపిస్తుంది కనుక లోపాన్ని సరిచేసేవారు ఎక్కువే, కాని సవరణ వెలువడిన క్షణం నుంచి ఆ లోపం ఎక్కడ ఉందో దొంగలకూ తెలుస్తుంది. వర్డ్‌ప్రెస్ 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి చిన్న భద్రతా సవరణలను తనంతట తానే వేసుకుంటోంది. అది మనకు పెద్ద మేలు. అయినా ప్లగిన్లు (సైటుకు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు), థీమ్‌లు (సైటు రూపాన్ని నిర్ణయించేవి) ఎవరో ఒకరు చూసుకోవలసినవే, చొరబాట్లు ఎక్కువగా జరిగేది వాటి దారినే. నేను పని తీసుకున్న మొదటి ఏడాది ఉత్సాహంతో ఇరవైకి పైగా ప్లగిన్లు పెట్టాను. ఇప్పుడు ఆరు ఉన్నాయి. కొనవలసిన థీమ్‌ల దొంగ కాపీలు ఉచితంగా దొరుకుతాయని ఎవరైనా తెచ్చి ఇస్తే దయచేసి తీసుకోకండి. వాటిలో దొడ్డిదారి తలుపులు దాచి ఉండటం మామూలే, పైగా దొంగిలించిన వస్తువుతో గుడి సైటును అలంకరించడం మనకు తగదు. గురువారం గృహ ప్రార్థన ముగిసి ఇంటికి వచ్చాక వారానికి అరగంట ఈ పనికి కేటాయిస్తున్నాను. ఆ అరగంటను ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇచ్చేవారు ఎవరో కమిటీకి తెలిసి ఉండాలి.

బ్యాకప్ సంగతి ఇంకా ముఖ్యం. నలభై నిమిషాల ప్రసంగాన్ని 64 కేబీపీఎస్ ఎంపీ3గా దాచుకుంటే సుమారు 19 ఎంబీ అవుతుంది. ఏడాదిలోని 52 ఆదివారాలకూ కలిపి ఒక జీబీ. ఒక హార్డ్ డిస్కులో మన పిల్లల కాలం వరకు సరిపోయే ప్రసంగాలు పడతాయి. నెలలో మొదటి ఆదివారం సంస్కారం తరువాత నేను సైటులోని రాతలన్నీ ఉండే డేటాబేస్‌నూ ఫొటోలు, ఆడియోలు ఉన్న ఫోల్డరునూ ఒక డిస్కులోకి దింపుకుంటున్నాను. నిరుడు వేసవి సెలవుల్లో ఆ బ్యాకప్ నుంచి సైటును నా ల్యాప్‌టాప్‌లో తిరిగి నిలబెట్టి చూశాను. మొదటిసారి మాటలన్నీ వచ్చాయి, ఫొటో ఒక్కటీ రాలేదు. ఏడు నెలలుగా ఆ ఫోల్డరు నకలు కావడం లేదని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లు అలా పరీక్షిస్తున్నాను. అయితే ఆ డిస్కు కూడా ఒక్కటే, అదీ మా ఇంట్లోనే. వరద వస్తే మునిగే వీధి మాది. ఇంకొక డిస్కు రిజిస్టర్ల ఇనుప పెట్టెలో ఉండాలని, మూడోది మరో ఊరిలోని సభ్యులెవరి ఇంట్లోనైనా ఉండాలని కోరుతున్నాను.

సైటులో రాసే పని ఒక్కరి మీదే పడనక్కరలేదని కూడా చాలామందికి తెలియదు. వర్డ్‌ప్రెస్‌లో ఐదు రకాల బాధ్యతలు ముందే ఏర్పాటై ఉన్నాయి: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. సండే స్కూలు టీచర్లకు, స్త్రీల కూటమి వారికి, కోయిర్ వారికి కంట్రిబ్యూటర్ ఖాతాలు ఇస్తే వారు రాసి పంపగలరు, కాని ప్రచురించలేరు. చదివి, సరిదిద్ది ప్రచురించే ఎడిటర్ ఖాతా కాపరి గారు నియమించినవారి దగ్గర ఉంటుంది. మన సంఘంలో ప్రకటన ఏదైనా కార్యదర్శి గారు చూసిన తరువాతే ఆదివారం చదువుతారు కదా, అదే పద్ధతి. అడ్మినిస్ట్రేటర్లు మాత్రం ఇద్దరు ఉండాలి, ఇద్దరూ ఒకే ఇంటివారు కాకూడదు.

ఇక తెలుగు. ఈ విషయంలో నేను పట్టుబడతానని పేరు పడింది, పడితే పడనివ్వండి. మన ఆరాధన క్రమమూ నెల పత్రికా డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతాయి. అవి అచ్చుకు బాగుంటాయి. కాని ఆ ఫైలులో ఉన్నవి మన కంటికి తెలుగు అక్షరాలైనా కంప్యూటరుకు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. దాన్ని తెచ్చి సైటులో అతికిస్తే అర్థం లేని గుర్తుల వరుస వస్తుంది. అందుకని పత్రికను ఫొటో తీసి పెట్టేద్దామంటారు. ఫొటోలో ఉన్న మాట గూగుల్‌కు దొరకదు, చిన్న ఫోనులో పెద్దది చేసి చదవాలంటే పక్కలకు జరుపుకుంటూ పోవాలి, చూపు లేని మన సహోదరుడు ఫోనులోని స్క్రీన్ రీడర్ సాయంతో చదవబోతే అది 'ఇమేజ్' అని చెప్పి ఊరుకుంటుంది. వెనుక బల్లలో కూర్చుని ప్రతి కీర్తనా కంఠతా పాడే మనిషికి మన సైటులో మాత్రం ఒక్క మాటా వినిపించకపోవడం నన్ను చాలా బాధించింది. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే ప్రమాణం. అందులో తెలుగుకు 1991 నాటి తొలి ప్రమాణం నుంచే 128 స్థానాల విభాగం ఉంది. అందులో రాసినది ఏ ఫోనులోనైనా తెలుగుగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, చదివిస్తే వినిపిస్తుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక ఒకసారి కంటితో సరిచూసుకోవాలి. సిలికానాంధ్ర వారు అందించిన మండలి, రామభద్ర, మల్లన్న వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి, కొనవలసిన పని లేదు. ఇంకొక చిన్న సంగతి: విదేశీ థీమ్‌లలో వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయేటట్టు ఉంటుంది, దాన్ని పెంచకపోతే 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటల్లో ఒత్తులు కింది వరుసకు తగులుతాయి. మన సైటులో ఆ ఎడాన్ని పెంచిన తరువాత పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు 'ఇప్పుడు అద్దాలు లేకుండా చదవగలుగుతున్నాం' అన్నారు. డబ్బు తీసుకొని అన్నీ చూసుకుంటామన్న సంస్థ చూపించిన నమూనాలో తెలుగు పేజీ ఒక్కటి కూడా లేదు.

ఏది పెట్టాలన్న దానితో పాటు ఏది పెట్టకూడదన్నది కూడా కమిటీ తేల్చాలి. ప్రార్థన విన్నపాలు మన మధ్య చెప్పుకునేవి. ఒక సహోదరి జబ్బు పేరును ఆమె పేరుతో సహా సైటులో పెడితే పెళ్లి సంబంధం కోసం వాకబు చేసేవారు కూడా దాన్ని చదువుతారు. నేను ఒకసారి ఆలోచించకుండా అలా పెట్టి, ఆమె తల్లి వచ్చి అడిగితే తీసేశాను, ఆ తల్లి ముఖం ఇప్పటికీ గుర్తుంది. సండే స్కూలు పిల్లల ఫొటోలకూ ఇదే జాగ్రత్త కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటోంది. చట్టం లేకపోయినా అడగడం మర్యాద. సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా, గుడిలో చదివే వివాహ ప్రకటనల్లోని చిరునామాలు సైటులోకి రానక్కరలేదు.

కానుకల పేజీ గురించి కోశాధికారి గారికి ప్రత్యేకంగా మనవి. మన సైటులోకి ఎవరైనా చొరబడితే జపాను అక్షరాల పేజీలు పెట్టడంతో ఆగకుండా క్యూఆర్ కోడ్‌ను మార్చేసే అవకాశం ఉంది. చూసేవారికి తేడా తెలియదు, కానుక మాత్రం వేరే ఖాతాకు పోతుంది. అందుకే ఆ కోడ్‌ను ప్రతి శనివారం ఎవరో ఒకరు ఒక రూపాయి పంపి సరిచూడాలి. రెండవది, విదేశాల్లో ఉన్న మనవాళ్లందరికీ ఒకే నియమం వర్తించదు. భారత పాస్‌పోర్టు ఉంచుకొని కువైట్‌లో పనిచేస్తున్న అక్క తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుక విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య పంపేది, ఆయన మన గుడిలోనే బాప్తిస్మం పొందినవాడైనా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. దానికి ప్రభుత్వ అనుమతి ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. మనకు ఆ అనుమతి లేదు. కాబట్టి 'ఎక్కడి నుంచైనా పంపండి' అనే బటన్ పెట్టించే ముందు ఈ విషయాన్ని ఆడిటర్ గారితో మాట్లాడండి.

ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్‌లకు నేను వ్యతిరేకిని కాను. తుపాను హెచ్చరిక వచ్చి ఆరాధన వేళ మారితే క్షణంలో అందరికీ చేర్చేది వాట్సాపే. కాని వాట్సాపులో నిన్నటి మాట ఈరోజు పైకి వెళ్లిపోతుంది. బాప్తిస్మ పత్రం కోసం ఏయే వివరాలు తీసుకుని ఎవరిని కలవాలో, సమాధుల తోటలో తమ తాతగారి సమాధి ఏ వరుసలో ఉందో మూడేళ్ల తరువాత వెతుక్కునేవారికి అది పనికిరాదు. నెలవారీ రుసుము తీసుకునే సంస్థ విషయంలోనూ న్యాయంగా మాట్లాడాలి. అప్‌డేట్ల బాధ్యత వారే తీసుకుంటారు, అది చిన్న విషయం కాదు. వారానికి అరగంట ఇచ్చే మనిషి ఒక్కరు కూడా లేని సంఘానికి అటువంటి సేవే మేలని నేనే చెబుతాను. కాని సంతకం చేసే ముందు వారిని ఒక్క ప్రశ్న అడగండి: ఒప్పందం ముగిసిన రోజున మా ప్రసంగాలు, ఫొటోలు, పేజీలు అన్నీ వేరే చోట తెరవగలిగే రూపంలో ఇస్తారా? నేను ఫోన్ చేసి అడిగితే వారు ఆ మాట తప్ప మిగిలినవన్నీ చెప్పారు. వర్డ్‌ప్రెస్‌లో అయితే ఎగుమతి ఫైలు ఒక బటన్ నొక్కితే వస్తుంది, హోస్టింగ్ నచ్చకపోతే సైటు మొత్తాన్ని ఒక రోజులో వేరే చోటికి తీసుకెళ్లవచ్చు.

డొమైన్‌కూ హోస్టింగ్‌కూ కలిపి నిరుడు అయిన ఖర్చు ఐదు వేల రూపాయల లోపే. దాన్ని నేనే కట్టాను, దాన్ని త్యాగంగా ఎవరూ చెప్పుకోకండి, ఎందుకంటే చిక్కు అక్కడే ఉంది: ఎవరి కార్డుతో డబ్బు కడితే ఖాతా సాధారణంగా వారి పేరునే ఉంటుంది. ఈ ఏడాది బడ్జెట్‌లో కరెంటు బిల్లు పక్కన ఈ ఖర్చుకూ ఒక వరుస పెట్టి, సంఘం బ్యాంకు ఖాతా నుంచి కట్టాలని, డొమైన్‌ను సంఘం పేరుకు మార్చాలని, హెచ్చరికలు వచ్చే ఈమెయిలు వ్యక్తిది కాక కార్యదర్శి పదవిదిగా ఉండాలని కోరుతున్నాను.

వచ్చే సమావేశానికి ఒక సీలు వేసిన కవరు తెస్తాను. అందులో నాలుగు ఖాతాల వివరాలు, పాస్‌వర్డులు, గడువు తేదీలు, బ్యాకప్ తీసే విధానం తెలుగులో రాసి ఉంటాయి. దాన్ని మినిట్స్‌లో నమోదు చేసి, సంతకం చేసి, రిజిస్టర్ల పెట్టెలో ఉంచండి. తరువాత కమిటీ నియమించే ఇద్దరు నాతో పాటు కంప్యూటరు ముందు కూర్చుంటే పాస్‌వర్డులన్నీ కొత్తవి పెట్టి, నా ఫోన్ నంబరును అన్ని ఖాతాల నుంచి వారి చేతులతోనే తీసేయిస్తాను. నేర్చుకోదలచిన యవనస్థులకు, ఏ వయసు వారికైనా సరే, శనివారం సాయంత్రాలు సండే స్కూలు గదిలో నేర్పడానికి సిద్ధంగా ఉన్నాను. బెంగళూరులో ఉన్న ఆ తమ్ముడు కూడా పండుగకు వచ్చినప్పుడు ఒక పూట కూర్చుంటానని మాట ఇచ్చాడు.

ప్రభువునందు మీ సహోదరి,
సంఘ వెబ్‌సైటు పని చూస్తున్న సండే స్కూలు ఉపాధ్యాయిని